కత్తిరించేసిన అంచు

టైలరమ్మ పొద్దున్నే టీ గ్లాసు పక్కన పెట్టుకుని మిషన్ ముందు కూర్చుంది. కూతురు కాలేజీకి వేసుకెళ్లే నీలం డ్రెస్సు తెచ్చి ఒళ్లో పడేసింది. నడుం దగ్గర ఇంకో కుట్టు కావాలట.

"మొన్నేగా వేశాను?"

"మళ్లీ వదులైందమ్మా. లోపల మిగిలిన బట్ట కూడా కత్తిరించెయ్. ఫొటోలో ఉబ్బుగా కనిపిస్తోంది."

ఏది కుట్టినా లోపల రెండు వేళ్ల బట్ట వదలడం ఆమె అలవాటు. ఎదిగే పిల్లలు, ఒళ్లు చేస్తే విప్పుకోవచ్చు. అయినా కూతురి మాట కాదనలేక కత్తిరించేసింది. తను కుట్టినవి వేసుకుని పిల్ల ఫోన్‌లో ఫొటోలు పెట్టడం మొదలెట్టాక ఎక్కడెక్కడి వాళ్లో కుట్టించుకోవడానికి ఇల్లు వెతుక్కుంటూ వస్తున్నారు మరి. పిల్ల చిక్కిపోతోందని తండ్రి గొణిగితే, ఈ వయసులో అందరూ అంతేనని ఆమే కొట్టిపారేసింది. ఊరందరి కొలతలూ చూసే మనిషికి ఇంట్లో పిల్ల కంటికి ఆనలేదు.

కుట్టు పూర్తవుతుండగా వంటగదిలో గిన్నె పడిన చప్పుడైంది. పరుగున వెళ్తే కూతురు నేల మీద పడి ఉంది. నీళ్లు చల్లి లేపబోతే చేతికి ఎముకలే తగిలాయి. కళ్లు తెరిచిన పిల్ల మాత్రం ముందు ఫోన్ కోసమే తడుముకుంది. టైలరమ్మ ఒళ్లు మండి దాన్ని లాగేసుకుంది.

"ఎన్నాళ్లయిందే అన్నం మానేసి?"

కూతురు గోడకేసి చూస్తూ చెప్పింది. ఒక ఫొటో కింద ఎవరో పొట్ట గురించి వెక్కిరిస్తూ రాశారట. క్లాసంతా చదివి నవ్వారట. అప్పట్నుంచి ముద్ద గొంతు దిగడం లేదట, పుస్తకం తెరిస్తే ఒక్క ముక్కా బుర్రకెక్కడం లేదట.

"నాతో చెప్పొచ్చు కదా?"

"నీకు తెలుసనుకున్నా. ప్రతిసారీ బిగించి కుట్టింది నువ్వేగా, అమ్మా."

టైలరమ్మ మిషన్ దగ్గరికెళ్లి ఆ డ్రెస్సు తెచ్చి వేసిన కుట్లన్నీ తెంపసాగింది. సగంలో చేతులు ఆగిపోయాయి. వదులు చేయడానికి లోపల బట్టే లేదు.

"కొత్తది కుడతానే, వదులుగా. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్దాం."

"వస్తాను. వదులుది మాత్రం వద్దమ్మా, భయమేస్తోంది," అంటూ కూతురు ఆమె ఒళ్లో తల పెట్టి ముడుచుకుంది.

చిన్నప్పుడు ఇలాగే పడుకుంటే కాళ్లు తిమ్మిరెక్కేవి, లేవవే అని విసుక్కునేది. ఇప్పుడు ఒళ్లో పిల్ల ఉన్నట్టే లేదు. టైలరమ్మ ఆ తల నిమురుతూ భోరుమంది.