చిటికె వెతికిన చిన్న అధ్యాయం

"ఆమేన్! అయిపోయింది అమ్మమ్మా!"

చిటికె బైబిల్ టప్పున మూసేసింది. ఆమె కూర్చున్న కుర్చీ ఇంకా వెచ్చబడనే లేదు. గోడ గడియారంలో మూడు దాటి ఒక్క నిమిషం అయింది.

"అప్పుడే అయిపోయిందా తల్లీ?" అంది వీధిలో అందరికీ బట్టలు కుట్టిన టైలరమ్మ.

"అధ్యాయం మొత్తం చదివేశా. కార్డు మీద సంతకం పెట్టండి మరి."

టైలరమ్మ కుట్టుమిషను మీద కార్డు పరుచుకుంది. ఆమె కళ్ళకు పొర కమ్మింది. వచ్చే నెల ఆపరేషన్. అందుకని చిటికె ఆమె వేలు పట్టుకుని, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించింది. టైలరమ్మ పెదవులు బిగించి, పెద్ద పెద్ద అక్షరాలతో తన పేరు రాసింది. అధ్యాయం చదవడం కన్నా ఆ సంతకానికే ఎక్కువసేపు పట్టింది.

చిటికెకు అసలు పేరు ఒకటుంది. కానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు. స్నానం చిటికెలో, హోంవర్క్ చిటికెలో, ప్రార్థన కూడా చిటికెలో అయిపోవాలి ఆ పిల్లకు. "భోజనానికి ముందు మా అమ్మాయి ప్రార్థన చేస్తుంటే కళ్ళు మూసుకోను. తెరిచేసరికి నా ప్లేటు కూడా ఖాళీ అవుతుందని భయం" అంటాడు నాన్న.

ఈ నెల సండే స్కూల్ టీచర్ పిల్లలందరికీ తలా ఒక కార్డు ఇచ్చారు. శనివారం పూట, చూపు సరిగా ఆనని పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఒక్కో అధ్యాయం చదివి వినిపించాలి. ఇంటికో సంతకం. ఎక్కువ సంతకాలు తెచ్చినవాళ్ళు కృతజ్ఞతా ఆరాధన రోజున మైకు ముందు నిలబడి వాక్యం చదవొచ్చు. టీచర్ ఆ తర్వాత కూడా ఏదో చెప్పారు. అప్పటికే చిటికె గుమ్మం దాటేసింది.

మైకు తనకే రావాలి! అందుకని కార్డు ఇచ్చిన రోజు సాయంత్రమే చిటికె బైబిల్ ముందేసుకుని, అతి చిన్న అధ్యాయం ఎక్కడుందా అని గాలించింది. దొరికింది. నూట పదిహేడో కీర్తన. మొత్తం రెండే వచనాలు!

"నువ్వు బైబిల్ చదువుతున్నావా, అడ్డదారులు వెతుకుతున్నావా?" అన్నాడు అన్నయ్య.

"అధ్యాయం అంటే అధ్యాయమే. నీకు కుళ్ళు" అని నాలుక చూపించింది చిటికె.

అలా నాలుగు శనివారాలూ ప్రతి ఇంట్లో అదే కీర్తన. టైలరమ్మ కూడా నాలుగుసార్లూ అదే విని, నాలుగుసార్లూ "థాంక్స్ తల్లీ" అంది.

ఈసారి కూడా ఆ మాట సగంలో ఉండగానే చిటికె మెట్లు దిగేసింది. వీధి చివర రిటైరైన పోస్ట్‌మ్యాన్ తాతయ్య ఇల్లుంది. సగం దూరం పరుగెత్తాక జేబు తడుముకుంది. కార్డు లేదు! మిషను మీదే మర్చిపోయి వచ్చింది.

వెనక్కి పరుగెత్తింది. తలుపు ఓరగా ఉంది. లోపలికి చూసి ఆగిపోయింది.

టైలరమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఒళ్ళో పెద్ద బైబిల్. ఒక కంటికి భూతద్దం. ముక్కు కాగితానికి తగిలేంత దగ్గరగా వంగి, వేలితో ఒక్కో అక్షరాన్నీ తడుముతోంది.

"రెం... డు... రెండు... సం... సం..."

కళ్ళలోంచి నీళ్ళు కారితే చెంగుతో తుడుచుకుంది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. "రెం... డు..."

"అమ్మమ్మా, ఏం చేస్తున్నారు?"

టైలరమ్మ దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు నవ్వింది. "నువ్వా? ఏమీ లేదమ్మా. నేను బడికి పోయినదాన్ని కాదు కదా. అరవై దాటాక మన చర్చిలో రీడింగ్ క్లాసు పెడితే అక్షరాలు నేర్చుకున్నా. బైబిల్ మొదటి పేజీ నుంచి పట్టుకున్నా. రోజుకో పేజీ. యోసేపు జైల్లో ఉన్న దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మొరాయించాయి."

"యోసేపా! ఆ కథ మీకు తెలీదా? అతను తర్వాత..."

"చెప్పకు!" టైలరమ్మ రెండు చెవులూ మూసుకుంది. "పాస్టర్ గారు ఆ కథ ఎత్తుకుంటేనే లేచి బయటికెళ్ళిపోయా! నా అంతట నేను తెలుసుకోవాలి."

చిటికెకు నవ్వొచ్చింది. టైలరమ్మ మాత్రం నవ్వలేదు.

"పాపం, వాళ్ళ నాన్న ముచ్చటపడి రంగురంగుల అంగీ కుట్టించాడా, అన్నలు లాగేసుకున్నారు. తర్వాత యజమాని భార్య ఇంకో బట్ట లాక్కుని నింద వేసింది. ఏ తప్పూ చేయకుండానే జైలు. అక్కడ ఒకాయనకు సాయం చేసి, బయటికెళ్ళాక నన్ను గుర్తుపెట్టుకో అంటే, ఆయన మర్చేపోయాడు. నలభై ఏళ్ళు బట్టలు కుట్టినదాన్ని. ఆ పిల్లాడికి మళ్ళీ ఎవరైనా ఒక మంచి బట్ట తొడిగారా లేదా అని నా ప్రాణం కొట్టుకుంటోంది."

"మరి నన్ను చదవమని అడగొచ్చు కదా?"

"నువ్వు నాకోసం ఆటలు మానుకుని వస్తున్నావు. ఇది కాదు, అది చదువు అని బేరమాడతానా? ఆ రెండు వచనాలే వారమంతా చెప్పుకుంటున్నా. ఎంత బాగున్నాయో!"

చిటికె మొహం వేడెక్కింది. ఆ రెండు వచనాల్లో ఏముందో గుర్తు తెచ్చుకోబోయింది. గబగబా చదవడమే గుర్తుంది.

ఆమె చెప్పులు విప్పి లోపలికొచ్చింది. కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకుంది.

"అమ్మమ్మా, ఎక్కడ ఆపారో చూపించండి."

నలభై ఒకటో అధ్యాయం. చిటికె పేజీ తిప్పి చూసింది. యాభై ఏడు వచనాలు! మొదటి వచనం మీద వేలు పెట్టి మొదలుపెట్టింది.

"కొంచెం మెల్లిగా తల్లీ. రైలెక్కావా ఏంటి?"

చిటికె మళ్ళీ మొదలుపెట్టింది, మెల్లిగా. రెండేళ్ళు గడిచాయని చదవగానే "రెండేళ్ళా! పిల్లాణ్ణి మర్చిపోయి రెండేళ్ళా!" అంది టైలరమ్మ. రాజుగారి కలలో బక్క ఆవులు బలిసిన ఆవుల్ని మింగేస్తే ఇద్దరూ పడీపడీ నవ్వారు. అప్పుడు, మర్చిపోయిన ఆ మనిషికి తన తప్పు గుర్తొచ్చింది. అక్కడ చిటికె గొంతు చిన్నదైపోయింది.

"ఏమైంది?"

"అమ్మమ్మా, నేను కావాలనే అన్నిటికన్నా చిన్న అధ్యాయం వెతికాను. త్వరగా అయిపోతుందని."

"నాకు కళ్ళే కదా కనబడవు, చెవులు పనిచేస్తాయి" అంది టైలరమ్మ. నవ్వి చిటికె జడ పట్టి లాగింది. "ఇప్పుడు కూర్చున్నావుగా. చదువు, చదువు. ఆ పిల్లాడింకా జైల్లోనే ఉన్నాడు!"

చిటికె చదివింది. యోసేపు గడ్డం గీయించుకుని, బట్టలు మార్చుకుని రాజు ముందుకు వెళ్ళాడు.

"ఆగాగు. ఆ బట్టలెవరిచ్చారు?"

"అది రాయలేదు అమ్మమ్మా."

"రాసుండాల్సింది" అంది టైలరమ్మ గట్టిగా.

వీధిలో సైకిల్ బెల్లు మోగింది. సండే స్కూల్‌కు వచ్చే కవలలిద్దరూ కార్డులు ఊపుకుంటూ పోస్ట్‌మ్యాన్ తాతయ్య ఇంటివైపు వెళ్తున్నారు. చిటికె ఒక్కసారి తలెత్తి చూసింది. వేలు వచనం మీద నుంచి తీయలేదు.

నలభై రెండో వచనం వచ్చింది. రాజు తన ఉంగరం తీసి యోసేపు వేలికి పెట్టాడు. అతనికి సన్నని నారబట్టలు తొడిగించాడు. మెడలో బంగారు గొలుసు వేశాడు.

టైలరమ్మ చేత్తో తన మోకాలి మీద చీరను నిమురుతూ కూర్చుంది, మెత్తని కొత్త గుడ్డను చూస్తున్నట్టు.

"ఇంకోసారి చదువు తల్లీ" అంది చివరికి.

చిటికె ఇంకోసారి చదివింది. ఒక్కో మాటా విడివిడిగా, ఒక్కటి కూడా జారిపోకుండా.

"ప్రభువా, నీకు వందనాలు" అంది టైలరమ్మ, కళ్ళు మూసుకుని. చిటికె కూడా మూసుకుంది. ఈసారి టైలరమ్మ కన్నా ముందు తెరవలేదు.

"మరి వాళ్ళ అన్నలేమయ్యారో?" అంది టైలరమ్మ కాసేపటికి.

చిటికె నాలుక చివరిదాకా వచ్చిన జవాబును మింగేసి, పేజీ తిప్పింది.