అమ్మమ్మ కిటికీ కింద బర్చ్ చెట్టు

సైకిలు దిగకముందే టిలోకి అర్థమైపోయింది, తన కొంప మునిగిందని.

ముందురోజు రాత్రి ప్రాణాలకు తెగించి పాకి, వాననీళ్ళ పైపుకి తను కట్టిన బర్చ్ చెట్టు కట్టినచోటే ఉంది. రంగు కాగితాల రిబ్బన్లు గాలికి రెపరెపలాడుతున్నాయి. కానీ దాని పక్క కిటికీలోంచి తొంగిచూస్తున్నది తను మనసుపడ్డ హెన్రికె కాదు. హెన్రికె వాళ్ళ అమ్మమ్మ, డెబ్బై నాలుగేళ్ళ హిల్ట్రూడ్. ఆవిడ బుగ్గలు రిబ్బన్లకన్నా ఎర్రగా ఉన్నాయి.

కింద వీధిలో, నది దాటించే పడవ నడిపే ఎగ్‌బర్ట్ తాత టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎగ్‌బర్ట్ గారూ, మీరింత పని చేస్తారని కలలో కూడా అనుకోలేదండీ," అంటోంది అమ్మమ్మ.

ఎగ్‌బర్ట్ ఔననలేదు, కాదనలేదు. టోపీని ఇంకో చుట్టు తిప్పాడు.

రైన్ నది ఒడ్డున ఈ ఊళ్ళలో కుర్రాళ్ళు ప్రేమని నోటితో చెప్పరు. ఏప్రిల్ ఆఖరి రాత్రి నరికి తెచ్చిన చిన్న బర్చ్ చెట్టుకి రంగు కాగితాలు చుట్టి, మనసుపడ్డ పిల్ల కిటికీ దగ్గర కట్టేసి పారిపోతారు. నెల తిరిగాక, జూన్ ఒకటిన, కట్టినవాడు వచ్చి విప్పుకెళ్ళాలి. అప్పుడు ఆ ఇంటివాళ్ళు కేకు పెట్టారంటే వ్యవహారం కుదిరినట్టే.

టిలో కట్టనైతే కట్టాడు. కానీ టూరిస్టుల సీజన్ మొదలవగానే హెన్రికె వాళ్ళ గెస్ట్‌హౌస్‌లో నది కనబడే అమ్మమ్మ గది అద్దెకి పోతుందనీ, అమ్మమ్మ హెన్రికె గదిలోకీ, హెన్రికె అటక మీదికీ మారతారనీ మర్చిపోయాడు. సైకిలు టూర్ల గైడుగా, ఆ నది గదిని తన టూరిస్టుల కోసం బుక్ చేసిందీ తనే. పైగా, చెట్టుకి తగిలించే చెక్క మీద హెన్రికె పేరు రాయడానికి సిగ్గుపడి ఖాళీగా వదిలేశాడు.

"ఏంటలా నోరెళ్ళబెట్టావ్?" వెనకనుంచి హెన్రికె గొంతు. చేతుల నిండా గ్రీజు. గెస్ట్‌హౌస్ పక్కన సైకిళ్ళు బాగుచేసే షెడ్డు ఆమెది.

"చెట్టు చూస్తున్నా."

"చూడు, బాగా చూడు. ఈ ఊరి మొత్తానికి ధైర్యమున్న మగాడు ఒక్కడే. ఆయనకీ డెబ్బై ఆరేళ్ళు. మిగతావాళ్ళంతా బెల్లు కొట్టుకుంటూ తిరగడానికే పనికొస్తారు."

టిలో నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. పైన అమ్మమ్మ పదహారేళ్ళ పిల్లలా నవ్వింది. టిలో నోరు మూసుకున్నాడు.

ఆ నెలంతా అతని బతుకు కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. వారానికో టూరిస్టుల గుంపుని వెంటేసుకుని కోబ్లెంజ్‌లో బయల్దేరతాడు. దారి పొడవునా రెండు ఒడ్లమీదా ఉన్న కోటలు చూపిస్తాడు. ఏ ప్రభువు ఎవరి పిల్లని గుర్రం మీద ఎత్తుకుపోయాడో కళ్ళకి కట్టినట్టు చెబుతాడు. తీరా హెన్రికె షెడ్డు ముందుకొచ్చేసరికి, "బ్రేకు కొంచెం చూస్తావా?" అంటాడు.

రెండో వారం చూపించడానికి ఏ రిపేరూ లేక తన టైర్లో తనే మేకు దిగ్గొట్టుకున్నాడు.

హెన్రికె మేకుని వెలుగులోకి పట్టి చూసింది. "ఇది రోడ్డు మీద గుచ్చుకున్నది కాదే? తల మీద సుత్తి దెబ్బలు కనబడుతున్నాయి."

"మన రోడ్లు అలా ఉన్నాయి మరి."

ఆమె పెదాలు నవ్వబోయి ఆగాయి. కళ్ళు మాత్రం ఆగలేదు. ఆ ఒక్క చూపుతో టిలో ఆ వారమంతా ఎదురుగాలిలో కూడా ఈల వేసుకుంటూ తొక్కాడు.

నాలుగో వారం ఆమె తల ఎత్తకుండానే చెప్పింది. "కాన్‌స్టాంజ్‌లో సరస్సు పక్కన పెద్ద సైకిలు షాపు. పనికి రమ్మంటున్నారు. జూన్ ఒకటిన ఫోన్ చేసి ఏ సంగతీ చెప్పాలి."

టిలో ఒకడుగు ముందుకేశాడు. "వెళ్తావా?"

"ఎందుకు వెళ్ళకూడదో నువ్వు చెప్పు."

చెప్పాల్సినవి వంద ఉన్నాయి. "సరస్సు బాగుంటుందట," అన్నాడు టిలో.

హెన్రికె పానాని పెట్టెలోకి విసిరిన చప్పుడుకి పక్కింటి కుక్క మొరిగింది.

జూన్ ఒకటిన అమ్మమ్మ కేకు చేసింది. చెర్రీ వాసన వీధి చివరిదాకా వచ్చింది. ఎగ్‌బర్ట్ ఉతికిన చొక్కా వేసుకుని నిచ్చెన పట్టుకొచ్చాడు. ఆ వారం టిలో గుంపులో ఉన్న డెన్మార్క్ రిటైర్డు టీచర్లు, మొత్తం ఎనిమిది మంది, సైకిళ్ళు గోడకి ఆనించి తమాషా చూడ్డానికి నిలబడ్డారు.

"అబ్బాయ్, కాస్త నిచ్చెన పట్టుకో," అన్నాడు ఎగ్‌బర్ట్. రెండు మెట్లెక్కి ఆగిపోయి, గొంతు తగ్గించాడు. "నీకొక మాట చెప్పాలి. ఈ చెట్టు నేను కట్టలేదు."

టిలో నిచ్చెనకి దగ్గరగా జరిగాడు. "మరి ఆ రోజే చెప్పొచ్చుగా తాతా?"

"ఎలా చెప్పనురా? పదకొండేళ్ళుగా ఆవిడ రోజూ నా పడవెక్కుతుంది. నేను గాలెక్కువగా ఉందంటాను, ఆవిడ అవునంటుంది. అంతే మా మాటలు. అలాంటిది ఆ రోజు కిటికీలోంచి నన్ను పేరుపెట్టి పిలిచి మెచ్చుకుంది. కాదనడానికి నోరు రాలేదు." ఆయన పైన కిటికీ వైపు ఒకసారి చూశాడు. "కట్టినవాడు ఇప్పుడొచ్చి అడిగితే ఆవిడ ముందే ఒప్పేసుకుంటాను. తప్పు నాది."

నాదే ఆ చెట్టు అంటే చాలు, హెన్రికె ముందు మొనగాడైపోతాడు. ముసలాయన ఊరందరి ముందూ తలదించుకుని నిచ్చెన దిగుతాడు. టిలో నిచ్చెనని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవడూ రాడు తాతా. చెట్టు మీదే. విప్పుకోండి."

అలా ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ చేజేతులా వదిలేసి, ఎగ్‌బర్ట్ చెట్టుతో కిందికి దిగాక, టిలో షెడ్డు వైపు నడిచాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని హెన్రికె గుమ్మంలో ఉంది.

"హెన్రికె, ఒక్క నిమిషం. అది పెట్టెయ్."

"బ్రేకా? మేకా?"

"నేను నిన్ను..."

అప్పుడే గూడ్సు రైలొచ్చింది. ఈ లోయలో రైలొస్తే మాట్లాడేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగి, అది పోయాక ఆపినచోటునుంచి మొదలెడతారు. చర్చిలో ఫాదర్ కూడా అంతే. టిలో పుట్టి పెరిగింది ఇక్కడే. అయినా ఆగితే మళ్ళీ ధైర్యం రాదని ఆగలేదు. రైలు మోతని మించి అరవడం మొదలెట్టాడు. ఆఖరి పెట్టె ఎప్పుడు దాటిపోయిందో చూసుకోలేదు.

"...ప్రేమిస్తున్నాను! రెండేళ్ళనుంచీ! నా సైకిలుకి ఏ రోగమూ లేదు! వెళ్ళకు!"

ఆ మాటలన్నీ వీధంతా వినబడ్డాయి. మాటలు తెలియకపోయినా డెన్మార్క్ టీచర్లు చప్పట్లు కొట్టారు.

"ఇంత గొంతు పెట్టుకుని," అంది హెన్రికె, "ఒక్క చెట్టు కట్టలేకపోయావా?"

"కట్టలేకపోయాను," అన్నాడు టిలో.

"ఎందుకురా అబద్ధాలు?" పైనుంచి అమ్మమ్మ. "పైపెక్కుతూ నీ తల నా కిటికీకి కొట్టుకుంటే లేచి చూశాను. ఎగ్‌బర్ట్ గారి మోకాళ్ళ సంగతి నాకు తెలీదా?"

చంకలో చెట్టుతో ఎగ్‌బర్ట్ కొయ్యబారిపోయాడు. "మరి నన్నెందుకు మెచ్చుకున్నారండీ?"

"ఇంకో పదకొండేళ్ళు గాలి గురించి వినే ఓపిక నాకు లేదు. మీరు రండి లోపలికి, కేకు చల్లారిపోతోంది."

"అమ్మమ్మా!" హెన్రికె కాలు నేలకేసి కొట్టింది. "నెలరోజులు అటక మీద నేనేడుస్తుంటే నీకు సరదాగా ఉందా?"

"ఏడ్చావా?" అన్నాడు టిలో.

"నువ్వు నోర్ముయ్."

అంటూనే ఆమె దగ్గరికొచ్చి, గ్రీజు చేతుల్తో అతని రెండు చెంపలూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు. టిలో కళ్ళలోనూ అవే. ఫోన్లోంచి ఎవరిదో గొంతు "హలో, హలో" అంటోంది.

"అయ్యో, లైన్లోనే ఉన్నారు," అంది హెన్రికె. ఫోను అతని చేతిలో పెట్టింది. "నేను రావట్లేదని నువ్వే చెప్పు."

"హలో అండీ, హెన్రికె రాదండీ. నేనా? నేను..." టిలో బిక్కమొహం వేశాడు. "నేనెవరని అడుగుతున్నారు. ఏం చెప్పను?"

"నన్ను చేసుకోబోయేవాణ్ణని చెప్పు," అంది హెన్రికె.

టిలో చెప్పాడు. ఈసారి అరవాల్సిన పనిలేకపోయినా అరిచే చెప్పాడు. అవతలివాళ్ళు శుభాకాంక్షలు చెప్పి ఫోన్ పెట్టేశారు.