అడగకూడని రిపోర్ట్

ఉదయం తొమ్మిదిన్నర. కొత్తపేట రైతుబజార్ ముందు ఆగిన ఆటోలో ల్యాబ్ కొరియర్ నాగార్జున కూర్చున్నవాడు కూర్చున్నట్టే చనిపోయి ఉన్నాడు. మెడ మీద సూది గుర్తు. ఒళ్లో ఉండాల్సిన కోల్డ్ బాక్స్ లేదు.

పదింబావుకు ఎల్బీనగర్‌లోని ఓ ప్రైవేటు ఆసుపత్రిలో, నర్సు వేషంలో ఉన్న ఏజెంట్ జ్యోతిక చెవికమ్మలోంచి చీఫ్ విశ్వేశ్వరరావు గొంతు వినిపించింది.

"బాక్స్ దొరికిందమ్మా. అమల ఆ విదేశీ ముఠా నుంచి లాక్కుంది. ల్యాబ్ డాక్టర్‌లా వస్తుంది. కోడ్ ఆకాశమల్లి. పదకొండు దాటితే అందులోని కణాలు పనికిరావు. ఆలస్యం చేయొద్దు."

అమల రెండేళ్లుగా ముఠాలో చొరబడి ఉన్న ఏజెంట్.

"ఇంత జల్దీ ఎట్ల దొరికింది సార్?"

"అందుకేగా ఆమెను అక్కడ పెట్టింది!"

బెడ్ మీద పెంటమ్మ. బ్లడ్ కేన్సర్. గామా డెల్టా టీ కణాల చికిత్సకు మొదటి పేషెంట్. ఆమె చనిపోతే ట్రయల్ మూతపడుతుంది. తమ ఖరీదైన మందులకు పోటీ రాకూడదనుకునే ముఠాకు కావాల్సింది అదే.

తెల్లకోటు కింద పట్టుచీర, ఖరీదైన సెంటు వాసన. కోల్డ్ బాక్స్‌తో అమల వచ్చింది.

"ఆకాశమల్లి పూసింది."

కోడ్ సరిపోయింది. సీలూ సరిగ్గానే ఉంది. అయినా జ్యోతిక మనసు ఒప్పుకోలేదు. మూడు నెలలు ఆ ల్యాబ్‌లోనే అటెండర్ వేషంలో ఉండి అన్నీ విన్నది. ఒంటిని కాపాడే మామూలు టీ కణాలకు శత్రువు ముక్కను ఎంహెచ్‌సీ అనే పళ్లెంలో పెట్టి చూపించాలి. ఆ పళ్లెం ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి కణాలిచ్చే దాతవీ రోగివీ కలుస్తాయో లేదో తేల్చే హెచ్ఎల్ఏ మ్యాచింగ్ చూస్తారు. ఈ గామా డెల్టా కణాలకు పళ్లెంతో పనిలేదు. కేన్సర్ కణంలో పేరుకున్న ఫాస్ఫేట్ అణువులు ఆ కణం పైపొరలో ఉండే బ్యూటిరోఫిలిన్ ప్రోటీన్ లోపలి తోకకు అతుక్కుంటాయి. దాంతో బయట దాని తీరు మారుతుంది. అది చాలు, గామా డెల్టా కణాలు పట్టేస్తాయి. అందుకే ఆ ల్యాబ్ హెచ్ఎల్ఏ రిపోర్టే ఇవ్వదు.

"మేడం, హెచ్ఎల్ఏ రిపోర్ట్ లేకుంటే డ్యూటీ డాక్టర్ ఒప్పుకోడు."

నిజంగా ల్యాబ్‌నే అడిగితే అక్కర్లేదనే జవాబు వస్తుందని జ్యోతికకు తెలుసు.

"తెప్పిస్తానుండు." అమల ఫోన్‌లో మెసేజ్ కొట్టి, బాక్స్‌లోంచి మందు బ్యాగ్ తీసి స్టాండ్‌కు తగిలించింది. నాలుగు నిమిషాల్లో రిపోర్ట్ వచ్చింది. ల్యాబ్ ఎన్నడూ ఇవ్వని రిపోర్ట్ మీద ల్యాబ్ స్టాంపు, సంతకం, నూటికి నూరు శాతం మ్యాచ్!

జ్యోతిక తలెత్తేసరికి అమల గొట్టానికున్న క్లాంప్ వదిలేసింది. ద్రవం గొట్టంలో సర్రున దిగుతోంది. జ్యోతిక ఒక్క ఉదుటున దూకి, పెంటమ్మ చేతికి బెత్తెడు దూరంలో గొట్టాన్ని మడిచి పట్టుకుంది. అమల కోటు జేబులోంచి సూది తీసింది. జ్యోతిక రెండో చేత్తో స్టీలు ట్రే లాగి మణికట్టు మీద కొట్టింది. సూది ఎగిరిపడింది. కేకలు విని గార్డులు పరుగెత్తుకొచ్చారు.

"ఏందమ్మా గీ లొల్లి?" పెంటమ్మ కంగారుగా అడిగింది.

"ఏం కాలే పెద్దమ్మా. మందు మారింది, గంతే."

అసలు బాక్స్ అమల కారు డిక్కీలో దొరికింది. పదీ యాభై ఆరుకు, ఈసారి నిజమైన కణాలు పెంటమ్మ రక్తంలోకి చుక్క చుక్కగా దిగసాగాయి.

చెవికమ్మలో చీఫ్ గొంతు మళ్లీ వినిపించింది.

"అమలకి మెడల్ ఇవ్వాలని నిన్ననే ఢిల్లీకి రాశానమ్మా," అన్నాడు చీఫ్.

"ఇయ్యాల ఏం రాస్తరు సార్?"

"నా సెలవు చీటీ."