విమలమ్మ దాచిన మెమరీ కార్డు

పొద్దున్నే కొత్తవాడలో మగ్గాల చప్పుడు మొదలైంది. విమలమ్మ ఇంట్లో మాత్రం ఆ రోజు మగ్గం ఆడలేదు. చిన్న కొడుకు సుదర్శన్ నర్సంపేటలో జంపఖానాల కొట్టు పెట్టాడు. భార్య తిరుమలతో అక్కడికి కాపురం మారుస్తున్నాడు. తోడికోడళ్లిద్దరూ వాకిట్లో గిన్నెలు పంచుకుంటున్నారు.

"ఈ గంజు నువ్వు తీస్కో. ఊకె అడుగంటుతది, నీ వంటకు సరిపోతది," అంది పెద్దకోడలు వాసంతి.

"నా వంట తినే గద బావకు బొర్ర పెరిగింది," అంది తిరుమల. పక్కనే ఉన్న పెద్దకొడుకు పండరి చొక్కా కిందికి లాక్కున్నాడు.

తిరుమల మగ్గం దగ్గరి పాటల డబ్బా తెరిచి చూసి ఆగిపోయింది. లోపల మెమరీ కార్డు లేదు. విమలమ్మ పాడిన బతుకమ్మ పాటలన్నీ అందులోనే ఉన్నాయి. రికార్డు చేసిన ఫోను ఎప్పుడో నీళ్లలో పడి పాడైంది.

"అక్కా, కార్డు తీసి పెట్టుకున్నవా?"

"నేనెందుకు తీస్త? నువ్వే మూటల పెట్టుకొని నన్నడుగుతానవ్."

"అంటే నేను దొంగనా?"

"ఆ మాట నేనన్ననా?"

నవ్వులు ఆగిపోయాయి. సుదర్శన్ మూటలు విప్పబోయాడు. విమలమ్మ చూడలేకపోయింది. కొంగుముడి విప్పి కార్డు చూపించింది.

"నేనే తీసిన. ఒక్క పడుగు రెండు మగ్గాలకు ఎక్కదు గద. ఒకలకిస్తే ఇంకొకలు అలుగుతరు. నా దగ్గరుంటే, వినబుద్ధైనప్పుడు ఇద్దరు నా దగ్గరికే వస్తరనుకున్న." ఆమె కార్డును మళ్లీ గుప్పిట్లో బిగించింది. "పోయినోళ్లు మెల్లెగ రావుడు బంద్ చేస్తరు బిడ్డా. మా అక్కచెల్లెండ్లం గట్లనే అయినం."

తిరుమల ఆమె ముందు కూలబడింది. "ఇది పడుగు కాదత్తమ్మా. మొబైల్ షాపుల ఇంకో కార్డుకు ఎక్కిస్తే రెండిండ్లల్ల ఉంటది. దీంట్ల ఒక్క పాట తగ్గదు."

"తగ్గకుంట ఎట్ల పంచుతరే?"

పండరి ఆ కార్డు పట్టుకొని బండి మీద వెళ్లి, పాటలెక్కించిన కొత్త కార్డుతో తిరిగొచ్చాడు. విమలమ్మ రెండింటినీ డబ్బాలో పెట్టించి, ఒకదాని తర్వాత ఒకటి విన్నది. మధ్యలో తను దగ్గిన చోట చెవి ఇంకా దగ్గరికి పెట్టింది.

"దగ్గు గూడ వచ్చిందా?"

"వచ్చింది. అది గూడ ఇద్దరికి సమానమే," అంది వాసంతి.

విమలమ్మ నవ్వబోయి ఆగింది. "మరి పాటలు ఆడనే ఉంటే, నువ్వు ఈడికి ఎందుకొస్తవ్?"

తిరుమల అత్త చేయి పట్టుకుంది. "కార్డుల నువ్వు పాడుతవ్. నేను తప్పు పాడితే ఆపి తిట్టవు గద. తిట్లు కావాల్నంటే ఈడికే రావాలె."

విమలమ్మ కళ్లు తుడుచుకుంది. కొత్త కార్డు కోడలి కొంగుకు తనే ముడివేసింది. "ఏదీ, ఒకటి పాడు."

తిరుమల ఎత్తుకుంది. రెండో వరుసకే విమలమ్మ చెయ్యెత్తింది.

"గట్ల గాదే. ఇన్నేండ్లు ఏం విన్నవ్? మళ్ల మొదలువెట్టు."

"ఇగో, షురువైంది," అంటూ వాసంతి గిన్నెలు పక్కకు జరిపి చప్పట్లు అందుకుంది. సామాను మోస్తున్న అన్నదమ్ములు దించి కూర్చున్నారు. విమలమ్మ కొత్తగా పాట నేర్పడం మొదలుపెట్టింది.