చెక్‌పోస్టు కాడ చేతులెత్తే మనిషి

సత్యవేడు దాటి నాగలాపురం దిక్కు పోయే రోడ్డులో, అడవి మొదలయ్యే చోట, పాత చెక్‌పోస్టు ఒకటుంది. ఇప్పుడక్కడ లారీలను ఆపేవాళ్ళు లేరు. రేకుల కప్పు సగం ఎగిరిపోయింది. అడ్డగడ తుప్పు పట్టి, పైకి లేచింది లేచినట్టే బిగుసుకుపోయింది. పగలు మేకలు నిలుస్తాయి. పొద్దు గుంకితే మేకలు కూడా నిలవవు.

ఆ చోటుకు చెడ్డపేరు ఒక వాన రోజున వచ్చిందట.

కాపలా ఉండే మనిషి ఒకడు లారీని ఆపడానికి రోడ్డు మధ్యకు పోయి రెండు చేతులూ పైకెత్తాడట. లారీకి వైపరు పనిచేయడం లేదు. డ్రైవరుకు అద్దం మీద నీళ్ళు తప్ప ఇంకేమీ కనపడలేదు... అంతే.

అప్పటినుంచి వాన రాత్రుల్లో ఆ మనిషి బండ్లకు అడ్డం వస్తాడని చెప్పుకుంటారు. నడుము దాకానే ఉంటాడట. కాళ్ళుండవు. బండి ఆగితే కిటికీ దగ్గరకు వచ్చి ఒక్క మాటే అడుగుతాడట — "కనపడినానా?"

కనపడినావు అంటే వదిలేస్తాడు. కనపడలేదంటే బండెక్కి కూర్చుంటాడు. ఇంక ఆ బండి ఇల్లు చేరదు.

ఆ దారిన తిరిగే డ్రైవర్లందరికీ ఈ కథ తెలుసు. గోవిందస్వామికీ తెలుసు. కుర్ర డ్రైవర్లు చెబుతుంటే విని, "వాడు అడిగేది కనపడినానా అనే గదా, టికెట్టేమీ అడగడు గదా" అని నవ్వేసేవాడు.

ఆ ఏడు కార్తీకంలో మాత్రం ఆ నవ్వు పోయింది.

గోవిందస్వామిది వ్యాను పని. ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు దిగిన ఆడవాళ్ళను ఎక్కించుకుని నాగలాపురం మీదుగా పిచ్చాటూరు దాకా ఊరూరా దించుకుంటూ పోతాడు. వ్యాను రవిచంద్రది. రాత్రి పూట నిలిచేది మాత్రం గోవిందస్వామి ఇంటి ముందరే. బండిని కడిగేది ఆయనే, పూజ చేసేదీ ఆయనే. ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే నిద్రపోతారు. పొద్దంతా నిలబడి చేసే పని వాళ్ళది. బండి కదిలీ కదలకముందే తలలు ఒకదాని మీద ఒకటి వాలిపోతాయి. మేలుకుని ఉండేది ఆయనొక్కడే. ఆ మేలుకోవడం కూడా ఈమధ్య బరువుగానే ఉంటోంది.

తుపాను వాన పట్టుకున్న రోజు. చెక్‌పోస్టు మలుపు. చలిగాలికి వెనక కిటికీలన్నీ మూసేశారు. ఎదురుగా బస్సు వస్తోంది. దాని లైట్లు అద్దం మీద పడ్డాయి —

అద్దం అవతల ఒక మనిషి.

తెల్లగా. నడుము దాకానే. రెండు చేతులూ పైకెత్తి.

కాలు దానంతట అదే బ్రేకు మీదకు పోయింది. బస్సు దాటిపోయింది. చీకటి. రోడ్డు మీద నీళ్ళు తప్ప ఎవరూ లేరు.

వెనక ఎవరో నిద్రలోనే, "ఊరొచ్చేసిందా?" అన్నారు.

"లేదమ్మా... పడుకోండి" అన్నాడు గోవిందస్వామి.

నాలుగు రోజులు పోయాక మళ్ళీ వాన. మళ్ళీ అదే మలుపు. మళ్ళీ ఆ మనిషే.

ఆయనకు భయం వేసింది. దెయ్యానికి కాదు.

ఆయన నాయన కూడా ఇట్లాగే మొదలుపెట్టాడు. "వాకిట్లో ఎవురో నిలబడి ఉండారు, లోపలికి పిలవండి" అనేవాడు. వాకిట్లో ఎవరూ ఉండేవాళ్ళు కాదు. తర్వాత్తర్వాత ఊరి పేర్లు పోయాయి, తర్వాత మనుషుల పేర్లు. ఎవరేమి గుర్తు చేసినా, "అవునవును... మర్సిపోతానా?" అనేవాడు, చానా మర్యాదగా, కొత్తవాళ్ళతో మాట్లాడినట్టు. ఆ మాట వచ్చిందంటే ఆ సంగతి నాయనకు అసలు గుర్తులేదని ఇంట్లో అందరికీ తెలిసిపోయేది. ఆఖర్న ఒకరోజు గోవిందస్వామినే చూసి, "ఏ ఊరప్పా మీది?" అన్నాడు.

ఈమధ్య గోవిందస్వామి కూడా, రోజూ వ్యాను ఎక్కే పిల్లల్లో లోహితను జెస్సీ అని పిలుస్తున్నాడు. అన్నం క్యారియరు వ్యాను కప్పు మీద పెట్టి, అట్లాగే బండి తోలుకుపోయాడు ఒకరోజు. అలసట అనుకున్నాడు. అలసటే అయ్యుండాలి.

దెయ్యమైతే బాగుండు అనుకున్నాడు. దెయ్యమైతే తాయెత్తు ఉంది, నిమ్మకాయ ఉంది. తల లోపల మొదలైనదానికి ఏముంది?

ఇంట్లో చెప్పలేదు. పుత్తూరులో అష్రఫ్ అంగడికి పోయాడు. వైపర్లు, అద్దాలు, హారన్లు అమ్మే అంగడి. చూపు ఆనడం లేదు, వానలో అద్దం సరిగ్గా కనపడటం లేదు అని మాత్రమే చెప్పాడు. కంటిదీ కాక, తలదీ కాక, అద్దం తప్పే అయితే... అని ఒక చిన్న ఆశ.

అష్రఫ్ పాత వైపరు బ్లేడును వేళ్ళతో వంచి చూపించాడు. రబ్బరు ఎండకు గట్టిపడి అంచంతా పళ్ళు పళ్ళుగా ఉంది. అది తుడవడం లేదు, నీళ్ళను అద్దం మీద పులుముతోంది. ఇనప చట్రంది వద్దు, దాని సందుల్లో ఆకూ మట్టీ ఇరుక్కుని రబ్బరును ఒక పక్కకు లేపేస్తుంది, చట్రం లేనిది అద్దానికి ఒదిగిపోతుంది అన్నాడు. డ్రైవరు పక్కది పొడుగు, ఆ పక్కది పొట్టి ఉండాలన్నాడు. పోయినసారి రెండూ ఒకే కొలతవి వేసినందుకే నడిమధ్యన తగులుకుంటున్నాయని నవ్వాడు.

కొత్తవి బిగించాక, అద్దం మీద నీళ్ళు నిలవకుండా పూసే మందు తీశాడు. లారీవాళ్ళు బీడీ పొగాకు రుద్దుతారు, అది ఒక్క వానకే సరి. ఇది ఈ సీజనంతా నిలుస్తుంది. కానీ ముందు జిడ్డు పోవాలి. జిడ్డు మీద మందు పూస్తే ఎదురు లైటుకు అద్దమంతా తెల్లబోతుంది. తానే గంటసేపు అద్దాన్ని బయటి పక్క రుద్దాడు. రుద్ది, మందు పూసి, మెత్తటి గుడ్డ ఒకటి చేతికిచ్చాడు.

"లోపల మందు పూయొద్దన్నా. లోపల ఉట్టి గుడ్డతో, సబ్బునీళ్ళతో తుడుసుకో సాలు. మర్సిపోవద్దు."

గోవిందస్వామి తల ఊపాడు. ఇంక ఆగలేక అడిగాడు, "అష్రఫూ... చెక్‌పోస్టు కాడ నీకెప్పుడైనా ఏమైనా కనపడినాదా?"

అష్రఫ్ ఆయన మొహం చూశాడు. "దెయ్యాన్ని తుడిసే బ్లేడు నా కాడ లేదన్నా. ఉంటే నా బామ్మర్ది మీద ఫస్టు వాడుకుందును."

ఆ సాయంత్రమే వాన వచ్చింది. అద్దం మీద నీళ్ళు చేమాకు మీద నీళ్ళలాగా గుండ్లు గుండ్లుగా జారిపోతున్నాయి. రోడ్డు పక్క మైలురాయి మీది అంకెలు కూడా కనపడుతున్నాయి. గోవిందస్వామికి ప్రాణం లేచొచ్చింది. కప్పు కింద గాజుల చప్పుడు, ఎవరిదో చిన్న గురక. బండి నిండా నిద్ర.

చెక్‌పోస్టు మలుపు వచ్చింది. ఎదురు లైట్లు.

నిలబడి ఉన్నాడు.

ఇంతకుముందు కంటే స్పష్టంగా. తల కూడా తెలుస్తోంది... గుండ్రంగా. కొత్త వైపరు ఆ మనిషి మీదుగా ఇటునుంచి అటు పోయింది. మనిషి చెరగలేదు. అటునుంచి ఇటు వచ్చింది.

చెరగలేదు.

ఈసారి బ్రేకు గట్టిగా పడింది. వ్యాను తడిరోడ్డు మీద పక్కకు జారి, మోరీ గోడకు జానెడు దూరంలో నిలిచింది. వెనక ఒకటే కేకలు. జెస్సీ నుదురు ముందు సీటు కడ్డీకి తగిలి బొప్పి కట్టింది. ఎవరైనా అడ్డం వచ్చారా అని అడిగారు. కుక్క అన్నాడు. కుక్క ఏదీ అని లోహిత కిటికీలోంచి తొంగిచూసింది. నిద్రపోయినావా మామా అని నిలదీసింది. ఇంకోసారి ఇట్లయితే రవిచంద్రకు చెబుతామని అందరూ అన్నారు. ఆయనకు కోపం రాలేదు. చెప్పాల్సిందే అనిపించింది.

ఆ రాత్రంతా ఆలోచించి ఒకటి తేల్చుకున్నాడు. వేరొకరి కళ్ళు కావాలి. వాళ్ళకూ కనపడితే అది దెయ్యం. కనపడకపోతే బండి తాళం రవిచంద్రకు ఇచ్చేయడమే. ఇంతమంది ఆడబిడ్డల ప్రాణాలు చేతిలో పెట్టుకుని, లేని మనిషిని చూసే కళ్ళతో బండి తోలకూడదు.

ఫ్యాక్టరీలో ఊడ్చే పని చేసే తాయమ్మ అందరికంటే పెద్దది. వెనక కూర్చుంటే వాంతి అవుతుందని ఆమె రోజూ సణుగుతుంది. మరుసటి సాయంత్రం ఆమెను పిలిచి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఎందుకో చెప్పలేదు. ఆమె ఒళ్ళో సంచి పెట్టుకుని, ఆకూ వక్కా నోట్లో వేసుకుని, అబ్బ, ఈ సీటు మారాజు సీటు గదా అని కాళ్ళు చాపుకుంది.

సన్నగా వాన. వెనక ఒక్కొక్క కిటికీ మూసుకుంది. ఒక్కొక్క తల వాలింది. అడవి దగ్గరయ్యింది. గోవిందస్వామి బండిని నెమ్మదిగా పోనిస్తున్నాడు.

రేకుల కప్పు... తుప్పు పట్టిన అడ్డగడ... మలుపు.

ఎదురు లైట్లు పడ్డాయి.

ఆయన అటు చూడలేదు. తాయమ్మ మొహమే చూశాడు. ఆమె నమలడం ఆపింది.

"సామీ..." అంది గుసగుసగా. "ఎవురో చేతులెత్తి నిలబడి ఉండారు."

"కనపడినాడా?"

"కనపడినాడు."

గోవిందస్వామి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దెయ్యమే. ఏడుకొండలవాడా, దెయ్యమే. బండిని మెల్లగా, ఒక్కరూ లేవకుండా పక్కకు తీసి ఆపాడు. బస్సు కూడా మలుపులో నిలిచి ఎవరినో దించుతోంది. దాని లైట్లు ఇటే ఉన్నాయి. ఆ మనిషీ అక్కడే ఉన్నాడు.

కిటికీ దగ్గరకు రాలేదు. ఏమీ అడగలేదు.

తాయమ్మ కళ్ళు చిట్లించింది. "బండి ముందరికొచ్చినా వాడు దగ్గర కాలేదే... ఎంత ఉండాడో అంతే ఉండాడే."

ముందుకు వంగింది. చెయ్యి చాపింది. చెంగుతో అద్దాన్ని తాకింది —

ఆ మనిషి చెయ్యి సాగింది. పక్కకు, జానెడు పొడుగున సాగిపోయింది.

గోవిందస్వామి తలుపు వైపుకు ఒదిగిపోయాడు.

తాయమ్మ చెంగు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఇంకోసారి చూసింది. తర్వాత ఒళ్ళోని సంచి ఊగేట్టు నవ్వడం మొదలుపెట్టింది.

"గంధం, సామీ. నామం ఇది. మన గోవిందుడి నామం. ఎవురో చమురు చేత్తో అద్దానికి లోపల పక్క పెట్టినారు."

రెండు చేతులని అనుకున్నవి నామం రెండు పక్కలు. నడుము కింద లేకపోవడం ఎందుకంటే నామం కింద కలిసిపోతుంది. ఒళ్ళు అనుకున్నది నడిమి గీత, తల అనుకున్నది దాని మీది బొట్టు. పైపైన తుడిచినట్టున్నారు, చమురు మాత్రం పోలేదు. కిటికీలు మూసి అందరూ ఊపిరి వదిలితే అద్దానికి ఆవిరి పడుతుంది, జిడ్డున్న చోట ఆ ఆవిరి వేరేగా పడుతుంది, ఎదురు లైటుకు లేచి నిలుస్తుంది. రోజూ అదే మలుపులో, అదే బస్సు. బయట వాన పడుతుంటే అద్దం లోపల చూడాలని ఎవరికి తోస్తుంది?

నిద్రలేచిన ఆడవాళ్ళకు తాయమ్మే చెప్పింది. దేవుడు నామం చూపిస్తే దెయ్యమని బ్రేకు కొట్టిన మొనగాడు మా మామ అని లోహిత అంది. జెస్సీ బొప్పి తడుముకుంటూ, మీ గోవిందుడు నా నుదుటికే పెట్టినాడు నామం అంది. వ్యానంతా నవ్వు. గోవిందస్వామీ నవ్వాడు. కడుపులో ఉన్నదంతా బయటకు పోయేట్టు నవ్వాడు. తుడవడానికి గుడ్డ కోసం డ్యాష్‌బోర్డు తెరిస్తే అష్రఫ్ ఇచ్చినది మడత విప్పకుండా ఉంది. ఓ, ఇది ఉండాది గదా అనుకుంటూ తీశాడు.

ఇంటికొచ్చేసరికి సుబ్బులమ్మ అన్నం వడ్డించి కూర్చుని ఉంది. కాళ్ళు కడుక్కుంటూనే భార్యకు అంతా చెప్పాడు, దాచిపెట్టిన భయంతో సహా. నాయనలాగా అవుతానేమోనని అన్నాళ్ళు కన్ను మూయలేదని చెప్పాడు. చెబుతుంటే ఒళ్ళు తేలికైంది. ముద్ద కలుపుతూ అడిగాడు,

"ఇంతకీ లోపల నామం పెట్టిన పుణ్యాత్ముడు ఎవురంటావు? రవిచంద్ర గాని వచ్చినాడా?"

సుబ్బులమ్మ చేతిలో గరిటె ఆగింది.

"ఏమబ్బా... నువ్వే గదా."

ఆయన తలెత్తాడు.

"ఆయుధ పూజ నాడు. దీపం ఎలిగించిన చమురు చెయ్యి కడుక్కోకుండానే గంధం గిన్నె తీసుకోని పోయినావు. బయట పెడితే వాన తీసకపోతాది, లోపల పెడితే సామి మనతోనే ఉంటాడు అనింటివి. మళ్ళా పొద్దున్నే దోవ కనపడలేదని నువ్వే తుడిసేస్తివి. నేను పక్కనే నిలబడి ఉండాను గదా."

గోవిందస్వామి వెతుక్కున్నాడు. ఆ రోజు గుమ్మడికాయ పగలడం గుర్తుంది. చక్రాల కింద నిమ్మకాయలు నలగడం గుర్తుంది. సుబ్బులమ్మ కట్టుకున్న పచ్చచీర కూడా గుర్తుంది. అద్దం మీద తన వేలు... గంధం చల్లదనం... తుడవడం... ఎక్కడా లేదు. ఆ ఒక్క చోట మాత్రం అంతా తెల్లగా ఉంది.

బయట వాన మళ్ళీ ఎత్తుకుంది. సుబ్బులమ్మ ఆయన మొహంలోకే చూస్తోంది.

"అవునవును..." అన్నాడు, చానా మర్యాదగా. "మర్సిపోతానా?"

కదిలింది తన పెదవులే. గొంతు నాయనది.