ఏ పనీ రాని చేతులు

నవనీత చేతులకు గ్లోవ్స్ తొడిగి అప్పటికి నలభై నిమిషాలైంది. కళ్లు మూసుకుని కుర్చీలో వాలిన ఆ పద్నాలుగేళ్ల పిల్ల వేళ్లు, ఎన్నడూ పట్టని సోల్డరింగ్ ఐరన్‌ను పట్టినట్టు వాటంతటవే కదులుతున్నాయి. అద్దం అవతల నుంచి వాళ్లమ్మ గంగజల రెప్ప వాల్చకుండా చూస్తోంది. ఆమెకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. అక్షరం ముక్క తెలియదు. బీడీలు చేసి ఒంటరిగా బిడ్డను సాకింది.

ఆ గ్లోవ్స్ తగిలించి ఉన్న మెషీన్ పేరు కరదీపిక. పేదపిల్లలకు పని నేర్పి వాళ్ల కాళ్లమీద వాళ్లను నిలబెట్టాలని ఒక ట్రస్టు చేయించింది. ఇందులో అర్థం కానిదేమీ లేదు. పదిహేనేళ్లు సర్క్యూట్ బోర్డులు బాగు చేసిన మెకానిక్ పనితనం అతని మెదడులో, చేతుల్ని ఆడించే భాగంలో ఉంటుంది. కరదీపిక దాన్ని కాపీ చేసి, పిల్ల మెదడులో అదే చోట రాస్తుంది. ఏళ్ల పని ఒక్క పూటలో వచ్చేస్తుంది. అయితే ఆ చోట ముందే ఏదైనా ఉంటే చెప్పాలి. చెబితే దాన్ని ముట్టుకోకుండా పక్కన రాస్తుంది. ఖాళీ అంటే మొత్తం వాడేసుకుంటుంది. ఏముందో మెషీనే చూసుకోగలదు గానీ, ఒక్కొక్కరికి మూడు రోజులు పడుతుంది. వరండాలో నాలుగు వందలమంది పిల్లలు కూర్చుని ఉన్నారు. అందుకని ఒక ఫారం పెట్టారు. మంచివాళ్లు తొందరపడితే ఆపేవాళ్లుండరు.

మెషీన్ కనిపెట్టిన డాక్టర్ శేషసాయి ఉదయం తానే ఫారం నింపాడు.

"చేతులతో చేసే పని ఏమైనా వచ్చా అమ్మా?"

"ఏ పనీ రాదు సార్."

ఆ జవాబు నవనీతది కాదు, వాళ్ల వాడది. సర్వేవాళ్లు వస్తున్నారంటే చాలు, ఆ వాడలో బీడీల చాటలన్నీ మంచాల కిందికి పోతాయి, పిల్లలందరూ ఇదే మాట చెబుతారు. పక్కింటి లసుంబాయి బస్సెక్కించేటప్పుడు కూడా మరీ మరీ చెప్పింది. "బీడీలు చేస్తనని నోరు జారకు బిడ్డా. పని చేసే పిల్లలకు సీటు ఇయ్యరట."

నవనీత బీడీల సంగతి దాచింది. రెండోది దాచాలని అనుకోనేలేదు. తల్లీబిడ్డలు మాట్లాడుకునేది చేతులతోనే. బళ్లల్లో నేర్పే సైగల భాష కాదది. పొయ్యి దగ్గర, చాట ముందర, ఇద్దరూ కూర్చుని ఇన్నేళ్లుగా కల్పించుకున్నది. లసుంబాయికి సైతం అన్నానికి రమ్మనడం తప్ప అందులో ఇంకేమీ తెలియదు.

గ్లోవ్స్ తీశారు. నవనీత పాడైన బోర్డును పది నిమిషాల్లో బాగు చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. గంగజల పరుగున వచ్చి చేతులు ఆడించింది. నవనీత ఊరికే చూసింది. తల్లి మళ్లీ ఆడించింది, ఈసారి మెల్లగా, పసిపిల్లకు చెప్పినట్టు.

"అమ్మ ఏమంటున్నది సార్?" అని నవనీత శేషసాయిని అడిగింది.

"నువ్వు అమ్మతో ఎట్లా మాట్లాడేదానివి?"

"చేతులతోని." చూపిద్దామని చేతులెత్తింది. వేళ్లు సోల్డరింగ్ ఐరన్ పట్టినట్టు ముడుచుకున్నాయి. "వస్తలేదు సార్."

శేషసాయి ఉదయం నింపిన ఫారం తీసి చూశాడు. "పొద్దున అడిగితే చెప్పలేదేమమ్మా?"

"మీరు పని అడిగిన్రు. అమ్మతోని మాట్లాడుడు పనా సార్?"

చేతులతో పుట్టిన ఆ భాష, దాని అర్థాలతో సహా, కరదీపిక ఖాళీ అనుకుని వాడేసుకున్న చోటే ఉండేది. రాసింది చెరపడం కరదీపికకు రాదు. తల్లి చేతుల నుంచి కాపీ చేసినా కదలికలు వస్తాయి తప్ప అర్థాలు రావు. మొదటి నుంచి నేర్పుదామంటే ఆ పిల్ల మెదడులో ఇక చోటు మిగల్లేదు. ఎవరిని తిట్టాలో తెలియక, ఈ కథ చెబుతున్న నాకు ఇప్పటికీ గుండె మండుతుంది. అక్కడ చెడ్డవాళ్లు ఒక్కరూ లేరు.

గంగజల బిడ్డ చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. తిమ్మిరి పట్టాయనుకుందేమో, గట్టిగా రుద్దింది, నోటితో ఊదింది. మళ్లీ ఏదో అడిగింది.

సైగల భాష తెలిసిన టీచరమ్మను పిలిపించారు. ఆమె చాలాసేపు గంగజల చేతులవైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇది నాకు తెలిసిన భాష కాదండీ. ఇంట్లో ఈమె మాటలు ఎవరికి అర్థమవుతాయో వాళ్లను పిలిపించండి."

"నాకే మేడమ్," అంది నవనీత.