నలభై గ్రాములు

2083 నాటికి విశాఖపట్నంలో బరువు తూచుకునే అలవాటు జనానికి పూర్తిగా పోయింది. రెండు వీధులకొకటి చొప్పున మేదోదర్శిని కేంద్రాలు వెలిశాయి. పొద్దున్నే పరగడుపున వెళ్ళి, చెప్పులు విడిచి దాని పలక మీద నిలబడి, గొట్టంలోకి మూడుసార్లు ఊదితే చాలు. ఒంట్లో కొవ్వెంత, కండెంత, నీరెంత అన్నది పలక చెబుతుంది. నిన్న కరిగిన కొవ్వు ఏ నెలలో, ఏ వంటింటి తిండి వల్ల పట్టిందో గొట్టం చెబుతుంది. "నిరుడు ఫిబ్రవరి, మీ వియ్యంకుల ఇల్లు, అరవై గ్రాములు" అని అది పైకి చెప్పడం, వెనక వరసలో ఉన్నవాళ్ళు ముసిముసిగా నవ్వడం మామూలే. ఒకాయన రాత్రి భోజనం మానేశానని ఏడాదిపాటు భార్యను నమ్మించి, రోజూ వీధి చివర బిర్యానీ లాగించిన సంగతి ఈ గొట్టంలోంచే బయటపడింది. ఆ గొడవ తర్వాత దానికి గొంతు తగ్గించే మీట కూడా పెట్టారు.

కిటుకంతా వంటింట్లో ఉంది. కల్తీ తిండి ఎక్కడిదో పట్టుకోవడానికి చాలాకాలం కిందట ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి ఇంట్లోనూ, హోటల్లోనూ, క్యాంటీన్లోనూ పొయ్యి పక్కన బ్యాటరీతో నడిచే చిన్న ముద్రపెట్టె ఉండాలి. బియ్యమైనా నూనైనా దాని కిందనుంచి వెళ్ళాకే గిన్నెలో పడాలి. ఆ పెట్టె వాటిలోని కర్బన అణువులకు ఆ వంటింటిదైన, ఆ నెలదైన గుర్తు వేస్తుంది. ఎంత వండారో లెక్క కూడా ఉంచుకుంటుంది. తినేవాడికి హాని లేదు, రుచి మారదు. తిన్నది కొవ్వుగా మారినా ఆ గుర్తు చెరగదు. కరిగిన కొవ్వు చెమటగా పోతుందని చాలామంది అనుకుంటారు గాని, అందులో ఎక్కువ భాగం ఊపిరిగానే బయటికి పోతుంది. ఆ ఊపిరిలోని గుర్తును చదవడమే మేదోదర్శిని చేసే పని. బియ్యం డబ్బాలో ఆఖర్న పోసినవే ముందు చేతికొచ్చినట్టు, కొత్తగా పట్టిన కొవ్వు ముందు కరుగుతుంది, పాతది తర్వాత. దీనికి ఒక్కటే లోపం. కరిగితే గాని అది ఎప్పటిదో తెలియదు. తెలిసేసరికి అది ఒంట్లో ఉండదు.

దీన్ని కనిపెట్టినవాడు డాక్టర్ గొర్లె తవిటినాయుడు. ముత్తాత పేరు పెట్టారని బడిలో పిల్లలంతా ఏడిపించేవారు. ఇప్పుడా పేరు ఊళ్ళో ప్రతి కేంద్రం గోడ మీదా ఉంది. వయసు యాభై ఎనిమిది, బరువు నూట నాలుగు కిలోలు. ఊరందరి కొవ్వూ చదివించిన ఈ పెద్దమనిషి తాను మాత్రం ఒక్కరోజు కూడా ఆ గొట్టంలో ఊదలేదు.

ఎవరైనా అడిగితే పొట్ట నిమురుకునేవాడు. "ఇదంతా మా కాంచన చేతి వంటండీ. కరిగించుకోమంటారేటి?"

భార్య కాంచన పోయి మూడేళ్ళు దాటింది. పిల్లల్లేరు. చీరలు ఆవిడ చెల్లెలు పట్టుకెళ్ళింది. ఫొటోలు చూస్తే గుండె పట్టేస్తోందని పెట్టెలో పెట్టేశాడు. ఆవిడది తనకు మిగిలింది ఈ పొట్టొక్కటేనని అతను మనసారా నమ్మాడు. మొదట్లో ఆ మాటకు నవ్వినవాళ్ళే తర్వాత్తర్వాత నవ్వడం మానేశారు.

గుండె డాక్టరు మాత్రం మొహమాటపడలేదు. "నడక ఒక్కటీ చాలదు. బరువులెత్తి కండ పెంచాలి, కొవ్వు దింపాలి. ఆరు నెలల్లో దారికి రాకపోతే ఆపరేషనే" అన్నాడు. దానికీ తవిటినాయుడు కదల్లేదు. అతన్ని కదిలించింది షమీమ్. తొమ్మిదేళ్లుగా అతని దగ్గరే పనిచేస్తున్న శాస్త్రవేత్త ఆమె.

"ఊరికే పొట్టలో ఉంటే ఏం తెలుస్తుంది సార్? కరుగుతుంటే మేడమ్ గారి నెలలన్నీ ఒక్కొక్కటే దర్శిని చెబుతుంది. రాసుకుందురు గాని" అంది.

ఆ మాట అతనికి నచ్చింది. ఆ సాయంత్రమే ఒక నోటు పుస్తకం కొన్నాడు. కాంచన పోయిన నెల నుంచి వెనక్కి, పేజీకో నెల చొప్పున పేర్లు రాసుకున్నాడు. ఒక్కో నెల వచ్చినప్పుడు ఆ నెలలో ఆవిడ ఏం వండిందో గుర్తు చేసుకుని రాయాలి. పోయేటప్పుడు సరిగ్గా వీడ్కోలు చెప్పలేకపోయాడు. ఇప్పుడు నెలనెలకూ కూర్చుని చెప్పుకుంటాడు.

అతని పరిశోధన సంస్థ కింది అంతస్తులోనే వ్యాయామశాల ఉంది. మొదటిరోజు ఐదేసి కిలోల డంబెల్స్ ఎత్తాడు, కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చున్నాడు. మర్నాడు మెట్లు దిగడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. తల దువ్వుకుందామంటే చెయ్యి లేవలేదు. పది రోజులకు పలకెక్కితే నూట ఐదు కిలోల మూడు వందల గ్రాములు.

"ఇదేటి, పెరిగాను" అన్నాడు మొహం గంటు పెట్టుకుని.

"కొవ్వు నాలుగు వందల గ్రాములు తగ్గింది. నీరు కిలో ఏడు వందలు పెరిగింది. అలవాటు లేని బరువులెత్తిన కండ నీరు పట్టుకుంటుంది" అంది దర్శిని. "బలం పెరిగినట్టు అనిపిస్తే అది నరాలు పని నేర్చుకోవడం వల్ల. కండ పెరగడానికి ఇంకా సమయం పడుతుంది."

"మీ పుస్తకంలో మూడో అధ్యాయం సార్ ఇది" అంది షమీమ్.

"రాయడం వేరమ్మా, పలకెక్కడం వేరు."

మూడో నెలకు కథ మారింది. బెల్టుకు రెండు కొత్త బెజ్జాలు పడ్డాయి. చొక్కా పొట్ట దగ్గర వదులై భుజాల దగ్గర బిగిసింది. బరువు మాత్రం నూట ఒకటి దగ్గరే నిలబడింది. కొవ్వు ఆరు కిలోలు పోయి, కండ రెండు కిలోలు, నీరు ఒక కిలో వచ్చి చేరాయి. పాత తూకం మిషనైతే మూడు కిలోలే తగ్గావని చెప్పి ఊరుకునేది. ఇరవై కిలోల బియ్యం బస్తాను ఒంటిచేత్తో ఎత్తి చూపించి షమీమ్‌ను నవ్వించాడు. మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు. ఇన్నాళ్ళూ అతను ఊదినదంతా కాంచన పోయాక తిన్నదే. క్యాంటీన్, క్యాంటీన్, హోటల్, క్యాంటీన్. "దిక్కులేని తిండి, పోనీ" అనేవాడు.

2080 ఫిబ్రవరి దగ్గర పడేసరికి అతనికి భయం పట్టుకుంది. కాంచన పోయిన నెల అది. ఇంకో వారం బరువులెత్తితే ఆవిడ పెట్టిన తిండి ఊపిరైపోతుంది. ఆవిడ రెండోసారి పోతున్నట్టే అనిపించింది. జ్వరమని అబద్ధం చెప్పి ఎనిమిది రోజులు ఇంట్లో కూర్చున్నాడు. తొమ్మిదో రోజు షమీమ్ ఇంటికే వచ్చింది.

"మీకేమన్నా అయితే ఆ నెలలన్నీ చదివినవాళ్ళు లేకుండానే పోతాయి సార్" అంది మెల్లగా. మర్నాడతను కాంచన కొన్న తెల్లచొక్కా తొడుక్కుని, నోటు పుస్తకం చంకన పెట్టుకుని ల్యాబుకు వచ్చాడు.

ఆ వారం ఫిబ్రవరి అయిపోయింది. అదంతా ఆసుపత్రి క్యాంటీన్. అది న్యాయమే, ఆ నెలంతా ఆవిడ మంచం పక్కనే ఉన్నాడు. పై వారం జనవరి మొదలైంది.

"2080 జనవరి. డెబ్బై గ్రాములు. సంస్థ క్యాంటీన్" అంది దర్శిని.

"జనవరిలో కాంచన ఇంట్లోనే ఉంది. బాగానే ఉంది" అన్నాడు తవిటినాయుడు.

"నాకు తెలిసేది వంటింటి ముద్ర ఒక్కటే. ఇది క్యాంటీన్ ముద్ర."

జనవరంతా క్యాంటీన్‌తోనే గడిచింది. డిసెంబరులో క్యాంటీన్‌తోపాటు ఢిల్లీ హోటలు, విమానంలో పెట్టిన భోజనం. నవంబరులో మళ్ళీ క్యాంటీన్, సమావేశాల్లో పంచిన సమోసాలు. నోటు పుస్తకంలో పేజీలు తెల్లగానే తిరిగిపోయాయి. నవంబరు పేజీలో ముందే రాసిపెట్టుకున్న ఆనపకాయ పులుసు, నెత్తళ్ళ ఇగురు ఏ ఏడాదివో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. అవి పెళ్ళయిన కొత్తలో తిన్నవి కావచ్చు.

"మిషన్ చెడింది" అన్నాడు. "సరిచూపు చెయ్యి."

షమీమ్ సరిచూపు మొదలుపెట్టింది. ఏ మేదోదర్శిని అయినా సరిగ్గా ఉందా లేదా అన్నది తేల్చడానికి ఒక కొలమానం ఉంది. దాని పేరు నమూనా ఒకటి. ఎప్పుడూ ఒకే వంటింటి తిండి తిన్న మనిషి నుంచి పట్టి దాచిన ఊపిరి అది. దాన్ని మిషన్‌లోకి వదిలినప్పుడు సరిగ్గా చదివితే మిషన్ బాగున్నట్టు. దేశంలోని ప్రతి దర్శినికీ కొలమానం ఆ ఒక్క మనిషే.

"నమూనా ఒకటి సరిపోయింది. నాలో తేడా లేదు" అంది దర్శిని.

"చదువు. నమూనా ఒకటి మొత్తం చదువు."

"స్త్రీ. 2076 ఫిబ్రవరి నుంచి 2080 జనవరి దాకా. ప్రతి నెలా ఒకటో తేదీన పరగడుపున వచ్చారు. నలభై ఎనిమిది నెలలూ నూటికి నూరు పాళ్ళు ఒకటే వంటిల్లు. మీ ఇంటి ముద్ర. ఈ కాలంలో కొవ్వు ఇరవై ఆరు కిలోలు పెరిగింది."

అది కాంచన. ఎన్ని సభల్లో చెప్పాడు, ఇంత శుభ్రమైన నమూనా దేశమంతా వెతికినా దొరకదని. చప్పట్లు కొట్టారు. ఇరవై ఆరు కిలోలు ఎందుకు పెరిగాయని వాళ్ళు అడగలేదు, అతనూ అడగలేదు.

"ఆ వంటింట్లో రోజూ ఎంత వండారు?" అన్నాడు.

"ఇద్దరికి సరిపడా. ముద్రపెట్టె లెక్కలో ఒక్కరోజు కూడా తగ్గలేదు."

"తిన్నదెవరు?"

"పెరిగిన కొవ్వును బట్టి లెక్క వేస్తే, దాదాపు అంతా నమూనా ఒకటే తిన్నారు. తేడా వచ్చింది రెండు చోట్లే. ప్రతి నెలా ఒకటో తేదీన ఒక పూట తిండి. 2079 అక్టోబరులో ఒక వారం తిండి."

తవిటినాయుడు పలక అంచు మీద కూలబడ్డాడు. ఆ నాలుగేళ్ళూ తెల్లారకుండా ల్యాబుకు వచ్చేసేవాడు. సాయంత్రం ఫోను చేసి, "నేనిక్కడే తినేశాను, నువ్వు తినేయ్" అనేవాడు. "సరేలెండి" అనేది. ఒకసారి మాత్రం, "మీకని వడ్డించింది పారబోయడానికి నాకు చేతులు రావండీ" అంది. మొగుడి వాటా పారెయ్యకూడదని, మర్నాడు చద్దిది పెట్టకూడదని వాళ్ళ పుట్టింటి పట్టింపు. తన వాటా తిని, అతని వాటా కూడా తానే తినేది. ఒళ్ళు పెరిగింది. షుగరొచ్చింది. "నోరు కట్టుకో కాంచనా, గుమ్మం పట్టడం లేదు" అని నలుగురిలో అన్నాడు. ఆవిడ కూడా నవ్వింది. ఆసుపత్రిలో ఆఖరి వారం, "ఎంత చెప్పినా తిండి తగ్గించదండీ" అని డాక్టరుకు చాడీ చెప్పినవాడూ తనే. ఆవిడ ఆ మాట విని కళ్ళు మూసుకుంది.

"ఒకటో తేదీ పూట నేను తిన్నాను సార్" అంది షమీమ్. "మేడమ్ పరీక్షకొచ్చినప్పుడల్లా మీకని క్యారేజీ తెచ్చేవారు. పరీక్ష అవగానే మీరు మీటింగుకు వెళ్ళిపోయేవారు. నన్ను తినెయ్యమని మీరే చెప్పేవారు. బెల్లం వేసిన గుమ్మడికాయ పులుసు ఒకసారి, చోడి పిండి అట్లు ఒకసారి. మేడమ్ మీటింగు గది అద్దంలోంచి మీకేసి కాసేపు చూసి వెళ్ళిపోయేవారు. నాకు అప్పుడు తెలియలేదు సార్."

అతనికీ అప్పుడు తెలియలేదు. పట్టుచీర కట్టుకుని ఎందుకొచ్చావని ఒకసారి విసుక్కున్నాడు. "మీ మిషనెక్కితేనే గదండీ మీరు నాకేసి చూసేది" అంది కాంచన. ఆ మాటకు అతను పలక మీది అంకెలు చూస్తూనే నవ్వాడు.

చాలాసేపటికి లేచాడు. ఆ రోజు పరీక్ష ఇంకా మిగిలే ఉంది. గొట్టం అందుకుని మూడుసార్లు ఊదాడు.

"2079 అక్టోబరు" అంది దర్శిని. "నలభై గ్రాములు. మీ ఇంటి ముద్ర."

"ఇంకా ఉందా?"

"కరిగితే గాని చెప్పలేను. ఆ నాలుగేళ్ళ లెక్క ప్రకారం ఉండకూడదు. ఆ వారం మీరు తిన్నదాంట్లో కొవ్వుగా నిలిచింది ఇంతే అయి ఉంటుంది."

అక్టోబరు అనగానే గుర్తొచ్చింది. తుఫాను వారం. చెట్లు కూలి దార్లన్నీ మూసుకుపోయాయి, కరెంటు లేదు, ఫోన్లు లేవు, సంస్థకు తాళం పడింది. ఏడు రోజులు ఇంట్లో చిక్కుకుపోయానని అతను రోజంతా సణిగాడు. కాంచన గ్యాసు పొయ్యి మీద పూటపూటా వేడిగా వండింది. కొవ్వొత్తి వెలుగులో ఎదురుగా కూర్చుని, అతను తింటుంటే చూసింది. ఇంకొంచెం వేసుకోండని ప్రతి పూటా అంది. ఏడోరోజు మధ్యాహ్నం లైట్లు వెలిగాయి. అతను తింటున్న కంచం ముందునుంచి లేచి చొక్కా వెతుక్కోవడం మొదలెట్టాడు. కాంచన గరిటె పట్టుకుని బల్బుకేసి చూస్తూ నిలబడింది.

"కరెంటు అప్పుడే వచ్చేసిందేటండీ" అంది.

గదిలో ఏసీ నడుస్తోంది. పైన గోడకున్న ఫ్యాను లోపలి గాలిని బయటికి తోస్తోంది. తవిటినాయుడు తలెత్తి దాన్ని చూశాడు. ఇందాక తాను ఊదిన ఊపిరి ఇంకా ఈ గదిలోనే ఎక్కడో ఉంటుంది.

"షమీమ్, ఆ తలుపు వెయ్యమ్మా" అన్నాడు. "మెయిన్ ఆపేయ్. కాసేపు కరెంటు వద్దు."

ఆమె వెళ్ళి మీట దించింది. ఫ్యాను ఆగిపోయింది, దర్శిని మూగబోయింది, గది చీకటైంది. అతను చీకట్లో మెల్లగా, లోపలికంటా గాలి పీల్చుకుంటూ కూర్చున్నాడు.